పిడుదు తెచ్చే జ్వరం

గత వేసవిలో ఒకనాటి సాయంకాలం, దీపాలు పెట్టే వేళకు, మా వీధి చివర నివసించే విశ్రాంత ఉపాధ్యాయులొకరు తమ ఆల్సేషియన్ కుక్కను వెంటబెట్టుకొని మా గుమ్మం ఎక్కారు. నేను ప్రభుత్వ పశువైద్యశాల నుండి ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్లయింది. ఇరుగుపొరుగువారు ఆ సంగతిని లెక్కచేయరు. నిజం చెప్పాలంటే నేనూ చేయను. మాస్టారి చేతిలో తడిసిన తువ్వాలు, దానిపై రక్తపు మరకలు. కుక్క ఎడమ ముక్కు రంధ్రం నుండి సన్నని ధారగా రక్తం కారుతున్నది.

“ఎవరో గిట్టనివాడు రాయి విసిరి ఉంటాడు డాక్టరుగారూ! నిన్నటివరకు మా టైగరు నిక్షేపంగా తిరిగిందండీ,” అన్నారాయన.

ముక్కుపై వాపు లేదు, గాయం లేదు. పై పెదవి ఎత్తి చూశాను. చిగుళ్లు ఎర్రగా ఉండవలసింది పోయి సున్నం కొట్టిన గోడ వలె పాలిపోయి ఉన్నాయి. ఆ పాలిపోయిన చిగుళ్ల మీద సూదిమొనతో పొడిచినట్లు ఎర్రని చుక్కలు. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట చూస్తే అక్కడా అవే చుక్కలు, ఒకటి రెండు చోట్ల రూపాయి బిళ్లంత నీలి మచ్చలు. దవడ కింద, మోకాలి వెనుక గ్రంథులు చేతికి గోలీల వలె తగులుతున్నాయి. కుక్కను నిలబెట్టి పొట్టను రెండు చేతులతో అదిమితే ప్లీహం పెరిగి ఉన్నట్లు తెలిసింది. చివరకు చెవి మడత విప్పి చూపించాను. లోపల నాలుగైదు పిడుదులు, తాగిన రక్తంతో ఉబ్బి, అచ్చం ఆముదపు గింజల వలె. (ఈ పోలిక నాది కాదు. ఆముదపు చెట్టు శాస్త్రీయ నామమైన ‘రిసినస్’ అనే లాటిన్ మాటకు అర్థమే పిడుదు.)

“వేసవి గదండీ, పిడుదులు ఉండనే ఉంటాయి,” అన్నారు మాస్టారు. మరికొంత అడుగగా ఇంకొక సంగతి బయటపడింది. ఏడాదిన్నర క్రితం, సంక్రాంతి ముందు, టైగరు రెండు మూడు రోజులు తిండి మానివేసి మూలన పడుకున్నది. ఒళ్లు కాలిపోయింది. మనుషులు వేసుకునే జ్వరం బిళ్ల ఒకటి వేశారు. వారం తిరిగేసరికి లేచి తిరిగింది. “అది అప్పుడే పోయింది లెండి,” అన్నారాయన.

ఆ జ్వరం పోలేదు. ఇంతకాలమూ ఆ కుక్క ఒంట్లోనే కాపురం ఉన్నది.

మందుల దుకాణంలోనూ, ఆసుపత్రుల వద్దా దీనిని జనం ‘టిక్ ఫీవర్’ అంటున్నారు. గ్రామాలలో పిడుదు జ్వరం అన్నా, కొన్ని ప్రాంతాలలో గోమారి జ్వరం అన్నా అర్థమవుతుంది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎర్లికియోసిస్. దీనిని కలిగించేది ఎర్లికియా కానిస్ అనే అతి సూక్ష్మమైన బాక్టీరియా. ఇది తక్కిన అనేక బాక్టీరియాల వలె బయట స్వతంత్రంగా బ్రతుకలేదు; జీవకణంలోపల దూరి అక్కడే పెరుగవలసిందే. అది ఎంచుకునే కణం కూడా చిత్రమైనదే. శరీరంలోకి చొరబడిన శత్రువులను మింగి హరించే మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలున్నాయి. కావలివాడి ఇంట్లోనే దొంగ కాపురం పెట్టినట్లు, ఇది ఆ కణాలలోనే నివాసం ఏర్పరచుకుంటుంది.

ఈ వ్యాధిని మొదట గుర్తించినది 1935లో, అల్జీరియాలో. అక్కడి పాశ్చర్ సంస్థలో దొనాతియెన్, లెస్తోకార్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రయోగాల కొరకు పెంచుతున్న కుక్కలకు పిడుదులు పట్టాయి. వాటిలో కొన్నింటికి తీవ్రమైన జ్వరం, రక్తహీనత కలిగాయి. వాటి రక్తాన్ని గాజుపలకపై పూసి రంగువేసి సూక్ష్మదర్శినిలో చూడగా మోనోసైట్లలో చిన్న చిన్న గుంపులుగా ఈ జీవులు కనిపించాయి. 1945లో దీనికి ఎర్లికియా అనే పేరు స్థిరపడింది; రంగులతో రక్తకణాలను విడదీసి గుర్తించడానికి దారి చూపిన జర్మన్ మేధావి పాల్ ఎర్లిక్ గౌరవార్థం పెట్టిన పేరు అది. మన దేశంలో 1944లోనే మద్రాసు నుండి ఈ వ్యాధిని గూర్చి నివేదించారు. అంటే ఇది నిన్నమొన్న విదేశీ కుక్కలతో దిగుమతి అయిన జాడ్యం కాదు. అయినా ప్రపంచం దీనిని చాలాకాలం ఒక అల్పమైన జ్వరంగానే చూసింది.

ఆ చూపు మారినది వియత్నాం యుద్ధంలో. అంతకు కొన్నేళ్ల ముందు, 1960వ దశకంలో, సింగపూర్‌లోని బ్రిటిష్ సైన్యపు కుక్కలలో ముక్కునుండి రక్తం కారి మరణించే వింత రోగమొకటి బయలుదేరింది. 1968 నుండి వియత్నాంలోని అమెరికన్ సైన్యపు కుక్కలను అదే రోగం పట్టుకున్నది. అడవిలో శత్రువు జాడ తీయడానికీ, శిబిరాలకు కాపలా కాయడానికీ శిక్షణ పొందిన ఆల్సేషియన్లు వందల సంఖ్యలో మరణించాయి. నిన్న కాపలా కాసిన కుక్క నేడు ముక్కునుండి రక్తం కక్కుకొని పడిపోయేది. కారణం తెలియక వైద్యులు తొలుత దానిని ‘కారణం తెలియని రక్తస్రావ వ్యాధి’ అని పిలిచారు. పిదప రక్తంలోని మూడు రకాల కణాలూ క్షీణించడం గమనించి ‘ఉష్ణమండల శునక సర్వకణ క్షీణత’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పరిశోధన చేయగా, అల్జీరియాలో అల్పమనుకున్న ఆ ఎర్లికియాయే ఇక్కడ హంతకుడని తేలింది. ఆ కుక్కలలో అత్యధికం స్వదేశానికి తిరిగి వెళ్లలేదు. ఈ రోగం అమెరికాలోని కుక్కలకు అంటుకుంటుందనే భయం అందుకు చెప్పిన కారణాలలో ఒకటి. విడ్డూరమేమంటే 1960వ దశకం ఆరంభంలోనే అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఈ సూక్ష్మజీవిని కనుగొన్నారు.

ఒకే సూక్ష్మజీవి ఒకచోట అల్పమైన జ్వరాన్నీ, మరొకచోట మరణాన్నీ కలిగించడం ఎలా సాధ్యం? దీనికి కొంతవరకు సమాధానం కుక్క జాతిలో ఉన్నది. ఆల్సేషియన్ జాతి ఈ వ్యాధికి ఎక్కువగా లొంగిపోతుందని అనుభవమూ, పరిశోధనా రెండూ చెబుతున్నాయి. మిగిలిన సమాధానం కాలంలో ఉన్నది. ఈ వ్యాధి మూడు అంకాల నాటకం వంటిది. ఏ అంకంలో చూస్తే ఆ రూపమే కనబడుతుంది.

పిడుదు కుట్టిన 8 నుండి 20 రోజులకు మొదటి అంకం ప్రారంభమవుతుంది. జ్వరం, నీరసం, తిండిపై అయిష్టత, కంటినుండీ ముక్కునుండీ నీరు కారడం, గ్రంథుల వాపు, ప్లీహపు వాపు. కొన్ని కుక్కలలో చర్మంపై ఎర్రని చుక్కలు. వీటిలో ఏ ఒక్కటీ ఈ వ్యాధికే ప్రత్యేకమైన లక్షణం కాదు గనుక ఇంట్లోవారు ‘ఎండదెబ్బ’ అనో, ‘ఏదో తినరానిది తిన్నది’ అనో సరిపెట్టుకుంటారు. రెండు నుండి నాలుగు వారాలలో, మందు వేయకపోయినా, అనేక కుక్కలు కోలుకుంటాయి. ఇక్కడే అందరూ మోసపోతారు.

రెండవ అంకంలో రంగస్థలం మీద ఎవరూ కనబడరు. కుక్క తింటుంది, ఆడుతుంది, తోక ఊపుతుంది, పోస్టుమాన్‌ను చూసి మొరుగుతుంది. సూక్ష్మజీవి మాత్రం ప్లీహంలో తలదాచుకొని ఉంటుంది. ఈ దశ నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ల తరబడి సాగుతుంది. అదృష్టవంతమైన కుక్కలు ఈ దశలోనే సూక్ష్మజీవిని పూర్తిగా వదిలించుకుంటాయి. మిగిలినవి మూడవ అంకానికి వెళతాయి. అప్పుడు రక్తకణాలు పుట్టే ఎముక మజ్జ ఎండిపోయిన చెలమ వలె అయిపోతుంది. కుక్క చిక్కిపోతుంది, చిగుళ్లు తెల్లబడతాయి, కాళ్లకు నీరు పడుతుంది, ముక్కునుండి రక్తం కారుతుంది. కన్ను లోపల రక్తస్రావమై చూపు పోయిన కుక్కలనూ, తల పక్కకు వాల్చి తడబడుతూ నడిచే కుక్కలనూ చూశాను. మరణం రక్తస్రావం వలన రావచ్చును. తెల్లకణాలు కరువైన శరీరంలో మరేదో చిన్న అంటువ్యాధి వలనా రావచ్చును.

మాస్టారు ముక్కునుండి కారే రక్తాన్ని వ్యాధి ఆరంభంగా చూశారు. నా కంటికి అది మూడవ అంకంలో మోగే గంట.

మరి తెర మూసి ఉన్న రెండవ అంకంలో వ్యాధిని పట్టుకునేది ఎలా? కుక్క చెప్పదు. దాని రక్తం మాత్రం చెబుతుంది, అడిగే పద్ధతిలో అడిగితే. ఈ ‘పద్ధతి’ అనే మాట వద్ద నేను కొంతసేపు ఆగవలసి ఉన్నది; ఎందుకంటే ఒకసారి నేను తప్పుగా అడిగాను.

ముప్పయ్యేళ్ల నాటి మాట. ఒక చిన్న ఊరి పశువైద్యశాలలో పనిచేస్తున్నాను. రైల్వే గేటు కాపలాదారు ఒకరు తన నల్లకుక్కను తీసుకువచ్చాడు. పగలూ రాత్రీ గేటు దగ్గర అతనికి తోడు అదే. నాలుగు రోజులుగా జ్వరమనీ, తినడం లేదనీ అన్నాడు. ఒంటిమీద పిడుదులున్నాయి. నేను చెవి కొసను గుచ్చి రక్తపు చుక్క తీసి గాజుపలకపై పూసి, రంగువేసి, అరగంట సేపు సూక్ష్మదర్శినిలో వెతికాను. ఎర్లికియా గుంపులు మోనోసైట్ లోపల మల్బరీ పండు ఆకారంలో ముద్దగా కనబడతాయని చదువుకున్నాను. ఎంత వెతికినా కనబడలేదు. చీటీ మీద ‘రక్తంలో పరాన్నజీవులు లేవు’ అని రాసి సంతకం చేసి, బలానికి టానిక్కు ఇచ్చి పంపాను. కుక్క కోలుకున్నది. ఏడెనిమిది నెలల తరువాత అతడు దానిని భుజాన వేసుకొని వచ్చాడు. ముక్కునుండి రక్తం. మూడవనాటికి చనిపోయింది. అతడు ఆ పాత చీటీని జేబులోనుండి తీసి, “బాబుగారూ, అప్పుడు రక్తంలో ఏమీ లేదన్నారు గదండీ,” అన్నాడు. నిందించడం కాదు. నిజంగానే తెలుసుకోగోరి అడిగాడు.

ఆ మల్బరీ ముద్దలు వ్యాధి తొలిదశలో కూడా నూటికి నాలుగైదు కుక్కలలో మాత్రమే కంటబడతాయి. రెండవ దశలో దాదాపు కనబడవు. చెవి కొస రక్తం వాడినా, రక్తాన్ని గిర్రున తిప్పి తెల్లకణాల పొరను వేరుచేసి చూచినా అవకాశం కొంత పెరుగుతుందే గాని భరోసా కలుగదు. కనబడితే వ్యాధి ఉన్నట్లు రూఢి. కనబడకపోతే ఏమీ తేలనట్లే. ఆనాడు నేను ఈ రెండవ మాటను మరచాను.

అదే గాజుపలకపై నేను చూడవలసినది మరొకటి ఉన్నది: రక్తఫలకికలు. డెంగ్యూ జ్వరం పుణ్యమా అని నేడు మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా ‘ప్లేట్‌లెట్లు’ అనే మాట తెలుసు. గాయమైనచోట రక్తం గడ్డకట్టడానికి తొలి అడ్డుకట్ట వేసేవి ఇవే. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో ఒక మైక్రోలీటరు రక్తానికి ఇవి సుమారు 2 నుండి 5 లక్షల వరకు ఉంటాయి. ఎర్లికియా సోకిన కుక్కలో మూడు దశలలోనూ సర్వసాధారణంగా కనబడే మార్పు ఈ సంఖ్య తగ్గిపోవడమే. తొలిదశలో శరీరంలోని రక్షణవ్యవస్థే పొరపాటున తన ఫలకికలను తాను నాశనం చేస్తుంది. వాచిన ప్లీహం మరికొన్నింటిని పట్టి ఉంచుతుంది. రెండవ దశలో, కుక్క పైకి ఎంత హుషారుగా ఉన్నా, సంఖ్య సాధారణంగా ఒక మోస్తరు తక్కువగానే ఉంటుంది. మూడవ దశలో పుట్టించే మజ్జయే దివాలా తీస్తుంది గనుక ఎర్రకణాలు, తెల్లకణాలు, ఫలకికలు మూడూ పడిపోతాయి. అంతేగాక మిగిలిన ఫలకికలు కూడా సరిగా పనిచేయవు. అందుచేతనే సంఖ్య మరీ పాతాళానికి పోకముందే కొన్ని కుక్కలకు రక్తస్రావం కలుగుతుంది.

యంత్రం ఇచ్చే సంఖ్యను గుడ్డిగా నమ్మడమూ ప్రమాదమే. రక్తం తీసేటప్పుడు సూది రెండు మూడుసార్లు గుచ్చితే, లేదా సీసాలో మందుతో సరిగా కలవకపోతే ఫలకికలు ముద్దలు కట్టుకుంటాయి. ముద్దను యంత్రం ఫలకికగా లెక్కించదు. లేని కరువు కాగితం మీదికి వస్తుంది. కనుక గాజుపలకను కంటితో చూడడం తప్పదు. నూనె వేసి చూసే పెద్ద కటకం కింద ఒక్కొక్క క్షేత్రంలో సగటున కనబడే ఫలకికల సంఖ్యను 15,000తో హెచ్చవేస్తే స్థూలంగా లెక్క దొరుకుతుంది. రైల్వే గేటు కుక్క విషయంలో నాకు అవసరమైన పరికరాలన్నీ నా బల్లమీదనే ఉన్నాయి. ఖరీదైన యంత్రమేదీ అక్కరలేకపోయింది.

మరికొన్ని సాక్ష్యాలు రక్తద్రవంలో దొరుకుతాయి. ఏళ్ల తరబడి శత్రువుతో పోరాడే శరీరం ప్రతిరక్షకాలను ఎడతెగక తయారు చేస్తూ ఉంటుంది. అందువలన గ్లోబ్యులిన్ అనే మాంసకృత్తు పెరిగి, అల్బుమిన్ తగ్గుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నచోట మూత్రంలో మాంసకృత్తులు పోతాయి. కాలేయపు పరీక్షలలో ఎంజైములు కొద్దిగా పెరిగి ఉండవచ్చును. రక్తహీనత ఉన్నా కొత్త ఎర్రకణాలు పుడుతున్న జాడ కనబడదు. ఫలకికల తగ్గుదలతోబాటు గ్లోబ్యులిన్ పెరుగుదల కూడా ఉంటే, పిడుదులు తిరిగే మన వంటి దేశంలో, నా అనుమానం ఇటువైపే మొగ్గుతుంది.

ప్రతిరక్షకాలను చూపే పరీక్షలు నేడు చిన్న ప్లాస్టిక్ పలకల రూపంలో దొరుకుతున్నాయి. పది నిమిషాలలో గీత కనబడుతుంది. మంచివే. అయితే జ్వరం వచ్చిన తొలి వారంలో ప్రతిరక్షకాలు ఇంకా పుట్టకపోవచ్చును, గీత రాదు. వ్యాధి నయమైన పిదప కూడా అవి నెలల తరబడి, కొన్నిటిలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి, గీత పోదు. కనుక ఆ గీత ‘ఈ కుక్కకు ఎప్పుడో ఈ సూక్ష్మజీవి తగిలింది’ అని మాత్రమే చెబుతుంది. సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నే పట్టిచూపే పి.సి.ఆర్. పరీక్ష ‘ఇప్పుడు ఉన్నది’ అని చెప్పగలదు. కాని మందు మొదలుపెట్టక ముందే రక్తం తీయాలి. రెండవ దశలో సూక్ష్మజీవి ప్లీహంలో దాగి ఉండడం వలన రక్తపరీక్షలో అది కూడా తప్పించుకుపోవచ్చును. ఏ ఒక్క పరీక్షా తీర్పు చెప్పదు. చరిత్ర, చేతి పరీక్ష, ఫలకికల సంఖ్య, ఈ పరీక్షలు అన్నీ కలిసి చెప్పవలసిందే.

పిడుదు ఒకే అతిథిని మోసుకురాదు. అదే పిడుదు ఎర్రకణాలలో దూరే బబీసియా అనే పరాన్నజీవినీ తెస్తుంది. అప్పుడు రక్తహీనత వేగంగా వస్తుంది, మూత్రం కాఫీ రంగుకు తిరుగవచ్చును. ఫలకికలలోనే నివసించే అనాప్లాస్మా ప్లాటిస్ అనే మరొక బాక్టీరియాను 1978లో అమెరికాలోని ఫ్లోరిడా నుండి తొలిసారి వర్ణించారు. అది సోకితే ఫలకికల సంఖ్య ఒకటి రెండు వారాలకొకసారి పడుతూ లేస్తూ ఉంటుంది. బబీసియాకు వేసే మందు ఎర్లికియాను అణచదు గనుక, ఒకటి దొరికిందని రెండవదానిని వెతకడం మానరాదు.

ఇంతకూ ఈ పిడుదు సంగతి. దీనిని గోధుమరంగు కుక్కపిడుదు అంటారు. ఇతర పిడుదులలో అనేకం పొలాల్లో, అడవిలో బ్రతుకుతాయి. ఇది మాత్రం ఇంటి గోడల పగుళ్లలో, మంచం కోళ్ల సందులలో, కుక్కల గూటి కప్పులో హాయిగా కాపురం చేస్తుంది. గుడ్డునుండి వెలువడిన ఆరుకాళ్ల పిల్ల ఒకసారి, ఎనిమిది కాళ్ల బాల్యదశలో మరొకసారి, పెద్దదయ్యాక ఇంకొకసారి, మొత్తం మూడుసార్లు ఇది కుక్క రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ కిందికి రాలి గోడ పట్టుకొని పైకి పాకుతుంది. కడుపు నిండిన ఆడపిడుదు వేలకొలది గుడ్లు పెట్టి చనిపోతుంది. రక్తం దొరకని పెద్ద పిడుదు నెలల తరబడి పస్తుండి బ్రతుకగలదు. ఇల్లు మారినవారు ‘పాత ఇంటివాళ్లకు కుక్క ఉండేదట, ఆ కుక్క పోయి ఆరు నెలలైంది, ఈ పిడుదులెక్కడివి?’ అని ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే.

ఎర్లికియా తల్లిపిడుదునుండి గుడ్లకు సంక్రమించదు. రోగమున్న కుక్క రక్తం తాగిన పిల్లపిడుదు పెరిగి తరువాతి దశలో మరొక కుక్కను కుట్టినపుడే అది దాటుతుంది. ఒకసారి సోకిన పిడుదు అయిదు నెలల వరకు దానిని దాచుకొని ఉండగలదు. కుట్టడం ప్రారంభించిన మూడు గంటలలోనే సూక్ష్మజీవి కుక్కలోకి దిగగలదని ఇటీవలి ప్రయోగాలు చూపాయి. ‘ఆదివారం నాడు తీరికగా పిడుదులు ఏరుతాం’ అనే అలవాటు ఎందుకు చాలదో దీనిని బట్టి తెలుస్తుంది. ఏరడం మానమని కాదు. చర్మానికి ఆనించి పటకారుతో పట్టి నిటారుగా లాగి, సబ్బునీటిలోనో స్పిరిటులోనో వేయాలి. వేళ్లతో నలుపరాదు, కిరసనాయిలు పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం కుక్కను హింసించడమే. నెలనెలా వేసే చుక్కల మందులు, మెడపట్టీలు, నోటిద్వారా ఇచ్చే మాత్రలు ఉన్నాయి. మాత్రలు పిడుదును చంపేది అది కుట్టిన తరువాతనే గనుక, దగ్గరకే రానివ్వని మందు కూడా తోడుంటే మేలు. ఏది వాడాలో కుక్క జాతి, బరువు, వయస్సు చూసి పశువైద్యుడు చెప్పాలి. కుక్కకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం. రెండూ ఉన్న ఇంట్లో ఈ మాట గుర్తుండాలి.

ఆస్ట్రేలియా ఖండంలో ఈ పిడుదు ఎప్పటినుండో ఉన్నా 2020 వరకు అక్కడి కుక్కలలో ఈ వ్యాధి లేదు. ఆ ఏడాది మే నెలలో పశ్చిమాన కింబర్లీ ప్రాంతంలో బయటపడి, అక్కడినుండి ఉత్తర ప్రాంతాలకు పాకి, మారుమూల ఆదివాసుల పల్లెలలో అనేక కుక్కలను బలిగొన్నది. ఎంతో కట్టుదిట్టమైన సరిహద్దు తనిఖీలున్న దేశం అది. ఈనాటికీ ఈ వ్యాధికి వాడుకలో టీకా లేదు. ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రాదనే రక్షణా లేదు.

‘మా పిల్లలు దానితో ఆడుకుంటారు, వాళ్లకు అంటుతుందా?’ అని నన్ను అడగని ఇల్లాలు లేదు. కుక్కను ముట్టుకుంటే, నాకించుకుంటే ఇది రాదు. ఎర్లికియా కానిస్ మనుషులకు సోకడం బహు అరుదు. అయితే ఇదే పిడుదు మనిషిని కుట్టి ఇండియన్ టిక్ టైఫస్ అనే వేరొక జ్వరాన్ని కలిగించగలదు. కనుక భయపడవలసింది కుక్కకు కాదు, గోడ పగుళ్లకు.

టైగరు రక్తాన్ని మరునాటి ఉదయమే పరీక్షకు పంపాను. ఫలకికలు 18,000. హిమోగ్లోబిన్ 7 గ్రాములు. తెల్లకణాలు 3,400. గ్లోబ్యులిన్ బాగా ఎక్కువ. పలకపై మల్బరీ ముద్దలు కనబడలేదు. ఈసారి నేను ఆశించనూ లేదు. పక్క వీధిలోని ఒక బలమైన లాబ్రడార్ రక్తం ఇచ్చింది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాము. ఈ వ్యాధికి ముఖ్యమైన మందు ఇదే. సాధారణంగా కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు. తొలిదశలో ఉన్న కుక్కకు ఈ మందు పడితే ఒకటి రెండు రోజులలోనే జ్వరం దిగి తోక లేస్తుంది. సరిగ్గా ఆ మూడవనాడే చాలామంది ‘తగ్గిపోయింది గదా’ అని మాత్రలు ఆపుతారు. రెండవ అంకానికి తెర ఎత్తుతారు. పరగడుపున ఇస్తే వాంతి అవుతుంది. పాలలో కలిపి కాక, అన్నంలో ముద్దచేసి పెట్టి పైన నీళ్లు తాగించమన్నాను. మనుషుల నొప్పి బిళ్లలు, ముఖ్యంగా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి, ఇటువంటి కుక్క దరికి రానీయవద్దనీ చెప్పాను. అవి ఉన్న రక్తస్రావాన్ని పెంచుతాయి.

మూడవ దశలో ఆల్సేషియన్‌కు మాట ఇవ్వలేమని మాస్టారితో అన్నాను. ఆయన తరగతి గదిలో హాజరు వేసినట్లు రోజుకొక గీత చొప్పున కాలెండరుపై గీసుకుంటూ వచ్చారు. పదవ రోజుకు ఫలకికలు 31,000. ముక్కునుండి రక్తం ఆగింది. ఇరవై ఎనిమిదవ రోజుకు 88,000. మందు ఆపకుండా మరి కొంతకాలం సాగించాము. మూడు నెలలకు 1,60,000. చిగుళ్లు ఇంకా లేత రంగులోనే ఉన్నాయి. వీధి మలుపు దాకా నడచి ఆయాసంతో కూర్చుంటుంది. ఎముక మజ్జ పూర్తిగా తేరుకుంటుందో లేదో ఇంకొక ఏడాది గడిస్తే గాని తేలదు.

ఆ మూడవ నెల పరీక్షకు వచ్చిననాడు మాస్టారి వెంట మరొక కుక్క కూడా వచ్చింది. వారి అరుగుమీద పడుకునే నాటు కుక్క. పేరు కూడా లేదు, ‘ఏయ్’ అంటే వస్తుంది. రెండూ ఒకే గోడకు ఆనుకొని నిద్రపోతాయి. బలంగా ఉన్నది, నిగనిగలాడుతున్నది. నా చెప్పు ఒకటి నోట కరచుకొని పెరట్లోకి పరుగెత్తింది. “దీనికేం జబ్బండీ, రాళ్లు తిని అరిగించుకుంటుంది,” అని మాస్టారు నవ్వారు. అయినా రక్తం తీశాను. ఎర్రకణాలు, తెల్లకణాలు సరిగానే ఉన్నాయి. ప్రతిరక్షకాల గీత వచ్చింది. ఫలకికలు 96,000, పలకపై ముద్దలేవీ లేవు, రెండుసార్లు లెక్కించాను. మాస్టారు కాసేపు ఆ కాగితం వంక చూసి, చొక్కా జేబులోనుండి కలం తీసి, కాలెండరులో రెండవ వరుసకు ఎక్కడ చోటు మిగిలిందో చూసుకుంటానని లేచారు.